మెడలో కంచు... మనసులో 137.5

తెల్లవారుజామున అయిదింటికి శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి ఎప్పుడైనా వెళ్లారా? చీకటి ఇంకా పూర్తిగా విడదు. అప్పటికే గుంపులు గుంపులుగా పరుగులు. కొందరు పోలీసు ఉద్యోగానికి, కొందరు ఆర్మీకి, పెళ్లి కుదిరింది పొట్ట తగ్గాలని ఒకరిద్దరు. నేను వీళ్లెవరి లెక్కలోకీ రాను. డాక్టరు నడవమన్నాడు, నడుస్తున్నా. అంతే.

మొన్నామధ్య అక్కడో కుర్రాడు పరుగు ఆపి, వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. ఫోన్ చూసుకున్నాడు. షూ విప్పి నేలకేసి కొట్టాడు. ఒకటి కాదు, రెండూ. పక్కన నడుస్తున్న నా కాళ్ల దగ్గర పడిందొకటి. తీసిచ్చాను.

"ఏమైంది తమ్ముడూ?"

"నాలుగు సెకన్లు అన్నా. నాలుగే. మూడు వారాలబట్టీ అక్కడే ఆగిపోనాను."

1,600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెడితే ఆర్మీ ర్యాలీలో పరుగుకి పూర్తి మార్కులు. ఇతనిది 5:34. నిరుడు ఎంత ఉండేదని అడిగితే 5:50 అన్నాడు. అరే, పదహారు సెకన్లు తగ్గించావు కదా, అది తక్కువేం కాదు కదా అన్నాను. నావైపు ఓ చూపు చూశాడు. ఏమీ తెలియనోళ్లని చూసే చూపు.

"తగ్గించినవి ఎవుడు లెక్కెడతాడన్నా? మిగిలినవే లెక్క."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఇదే మాట పాతికేళ్లుగా మోస్తున్న ఒకావిడ గుర్తొచ్చింది. ఆవిడ పెరిగిన ఊరు ఈ గ్రౌండ్‌కి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. ఆవిడ పేరు మీ అందరికీ తెలుసు. తెలుసనుకుంటాం కాబట్టే ఇంకెప్పుడూ పట్టించుకోం.

"ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఎవరు?" గ్రూప్స్ రాసేవాళ్లకీ, కానిస్టేబుల్ పరీక్ష రాసేవాళ్లకీ ఇదో బిట్. జవాబు: కరణం మల్లీశ్వరి. సిడ్నీ, 2000 సెప్టెంబరు 19, వెయిట్‌లిఫ్టింగ్, 69 కిలోల విభాగం, కాంస్యం. ఒక మార్కు. తర్వాతి బిట్‌కి వెళ్లిపోతాం. పాపం, మనిషి బిట్ అయిపోయాక ఆ మనిషికి కోపం వచ్చిందా, ఏడ్చిందా అని ఎవరడుగుతారు?

కోపం దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ కథ అక్కడే మొదలైంది.

నాన్న రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌లో కానిస్టేబుల్. ఇంట్లో ఆడపిల్లలు. అక్క బరువులెత్తేది. పన్నెండేళ్ల మల్లీశ్వరి కూడా జిమ్‌కి వెళ్లింది. జిమ్ అంటే ఇప్పటిలా ఏసీ, అద్దాలు, ఇన్‌స్టా రీలు అనుకోకండి. నాలుగు గోడలు, తుప్పు పట్టిన ఇనుము. అక్కడ ఆమెను చూసిన ఒకాయన, నువ్వు సన్నగా ఉన్నావు, ఇది నీ వల్ల కాదు, ఇంటికెళ్లి అమ్మకి పనిలో సాయం చెయ్యి అనేశారట. ఈ సంగతి ఆమే చాలాసార్లు ఇంటర్వ్యూల్లో చెప్పింది. నా వల్ల ఏమవుతుందో ఏం కాదో వేరేవాళ్లు ఎలా తేలుస్తారన్న కోపం అప్పుడే పట్టుకుందని కూడా చెప్పింది. అమ్మ మాత్రం వెనక నిలబడింది. తర్వాత నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర శిక్షణ మొదలైంది.

మన ఊళ్లలో ఆడపిల్లని సన్నగా ఉందన్నా తప్పే, లావుగా ఉందన్నా తప్పే. "ఏటే, అగ్గిపుల్లలాగయిపోనావు" అనే అత్తయ్యే ఆర్నెల్ల తర్వాత "ఏటే, అలాగ ఊరిపోనావు" అంటుంది. మల్లీశ్వరికి ఈ రెండూ తగిలాయి. మొదటిది పన్నెండేళ్లప్పుడు. రెండోది పాతికేళ్లప్పుడు, దేశం మొత్తం నోటి నుంచి. అక్కడికొస్తాను.

మధ్యలో జరిగింది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే గెలుపుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. 1993లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1994లో, 1995లో వరుసగా ప్రపంచ చాంపియన్, 54 కిలోల విభాగంలో. అర్జున, ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ. చదవడానికి హాయిగా ఉంది కదా?

ఇప్పుడు ఆ జాబితాలో లేనిది చూడండి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్. మల్లీశ్వరికి 21 ఏళ్లు. అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేత. ఒంట్లో బలం, వయసు, ఊపు అన్నీ కలిసొచ్చిన సమయం. కానీ అట్లాంటా వెళ్లలేదు. గాయమా? కాదు. ఎంపికలో అన్యాయమా? అదీ కాదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగే లేదు! మగవాళ్లు 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ నుంచే ఎత్తుతున్నారు. ఆడవాళ్లకి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టిందే 1987లో. ఒలింపిక్స్ తలుపు తెరిచింది 2000లో.

దీన్ని ఒక్కసారి మీ మీద వేసుకుని చూడండి. మీరు క్లాస్ ఫస్ట్. రాష్ట్రం ఫస్ట్. దేశం ఫస్ట్. ప్రపంచం ఫస్ట్. కానీ మీరు రాయాల్సిన పరీక్షకి ఇంకా నోటిఫికేషనే రాలేదు. ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చేసరికి మీ ఒళ్లు ఇలాగే ఉంటుందో లేదో తెలీదు. ఓడిపోతే కనీసం ఎవరి చేతిలో ఓడిపోయామో చెప్పుకోవచ్చు. ఇక్కడ ఓడించినవాళ్లే లేరు.

నోటిఫికేషన్ కోసం నాలుగైదేళ్లు ఎదురుచూసిన వాళ్లు ఈ కాలమ్ చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. మీకు నేను వివరించక్కర్లేదు.

తలుపు తెరిచేసరికి అయిదేళ్లు గడిచాయి. ఈలోగా 1997లో పెళ్లి, సాటి లిఫ్టర్ రాజేశ్ త్యాగితో. అత్తవారిల్లు హరియాణాలోని యమునానగర్. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం. ఇక సిడ్నీకి 69 కిలోలు. 54 నుంచి 69కి! వెయిట్‌లిఫ్టింగ్‌లో విభాగం మారడమంటే అద్దె ఇల్లు మారినట్టు కాదు. పోటీపడే మనుషులు మారిపోతారు, ఎత్తాల్సిన బరువులు మారిపోతాయి, మన ఒళ్లు మనకే కొత్తగా ఉంటుంది.

అప్పుడు మొదలైంది రెండో రకం మాట. లావైపోయింది, పెళ్లయిపోయింది, ఫామ్ పోయింది, ఈమెని పంపడం దండగ. పత్రికలు రాశాయి. సిడ్నీకి టూర్ వెళ్తోందన్న ఎగతాళి కూడా చేశారు. ప్రపంచ చాంపియన్‌గా రెండుసార్లు నిలబడ్డ మనిషి, తనని తాను మళ్లీ మొదట్నుంచీ రుజువు చేసుకోవాల్సిన పరిస్థితి. ఇప్పుడైతే దీనికి ట్రోలింగ్ అని ఓ పేరుంది. అప్పుడు పేరు లేదు, నొప్పి మాత్రం ఉంది.

ఇక సెప్టెంబరు 19. ఇక్కడ కాస్త ఆట గురించి చెప్పాలి. తెలిసినవాళ్లు ఓ పేరా దాటేయండి.

వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల ఎత్తుళ్లు. స్నాచ్ అంటే నేల మీద ఉన్న బార్‌ని ఒకే ఊపున తల మీదకి లేపడం. క్లీన్ అండ్ జర్క్ అంటే ముందు భుజాల దాకా, తర్వాత అక్కడి నుంచి తల మీదకి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులు కలిపితే మొత్తం. ఇద్దరి మొత్తం సమానమైతే, అప్పటి నిబంధన ప్రకారం ఎవరి ఒంటి బరువు తక్కువో వాళ్లు పైన. ఇంకో సంగతి ఉంది. అదే నాకు ఈ ఆటలో అన్నిటికన్నా భయం వేసేది. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఒకసారి పైకెళ్లిన బరువుని, అమ్మో ఎక్కువైంది కాస్త దించండి అంటే దించరు. అందుకే ఎప్పుడు ఎంత అడగాలన్నది ఎత్తడమంత కష్టం. ఎత్తేది ఒంటరిగా అయినా, ఆ లెక్క వేసేది తెర వెనక కోచ్‌లు. ఎదుటివాళ్లు ఎంత అడిగారు, ఎంత ఎత్తగలరు, మనకి ఎంత సరిపోతుంది... చదరంగంలాంటి ఆట ఒకటి అక్కడ నడుస్తుంటుంది.

స్నాచ్ అయ్యేసరికి హంగరీ లిఫ్టర్ ఎర్జెబెట్ మార్కుస్ 112.5 కిలోలు. చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్ 110. మన మల్లీశ్వరి 110. నోరు మూసుకోవాల్సినవాళ్లు అప్పటికే చాలామంది మూసుకుని ఉంటారు.

క్లీన్ అండ్ జర్క్‌లో మార్కుస్ 130. మొత్తం 242.5. లిన్ వైనింగ్ 132.5. ఆమెదీ మొత్తం 242.5. మల్లీశ్వరి 130 ఎత్తింది. మొత్తం 240. ఇంకా ఒక్క అవకాశం ఉంది.

బార్ మీద ఎంత పెట్టించారో తెలుసా? 137.5.

అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెంచేవారు. 130 తర్వాత 132.5, ఆపైన 135, ఆపైన 137.5. అంటే రెండు మెట్లు వదిలేసి మూడో మెట్టు మీద కాలు పెట్టడం. ఎత్తితే మొత్తం 247.5. బంగారం, అదీ అయిదు కిలోల తేడాతో.

లిఫ్ట్ పూర్తి కాలేదు.

లిన్ వైనింగ్‌కి స్వర్ణం, ఒంటి బరువు తక్కువ కాబట్టి. మార్కుస్‌కి రజతం. మల్లీశ్వరికి కాంస్యం. ఆ ఒలింపిక్స్ మొత్తానికి భారత్‌కి వచ్చింది ఆ ఒక్క పతకమే. వంద కోట్ల మంది దేశానికి ఒకే ఒక్కటి, అదీ ఆమదాలవలస దగ్గర పెరిగిన అమ్మాయి తెచ్చింది. మర్నాడు మా స్కూల్లో ప్రేయర్‌లో డ్రిల్లు మాస్టారు ఆమె పేరు చదివి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఆ ఊపులో మాచేత ఇంకో ఇరవై గుంజీలు ఎక్కువ తీయించారు. ఆ గుంజీలు గుర్తున్నాయి నాకు. 137.5 గురించి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

కానీ కాగితం మీద లెక్క ఎవరైనా వేయొచ్చు. ఆ రోజు చివరికి తేలిన మొత్తాల ప్రకారం 132.5 ఎత్తి ఉంటే ముగ్గురూ సమానం, అప్పుడు ఒంటి బరువులు చూసేవారు. 135 ఎత్తి ఉంటే 245. మిగతా ఇద్దరికన్నా పైన, ఒంటరిగా. అంటే అడిగినదానికన్నా ఒక్క మెట్టు, రెండున్నర కిలోలు తక్కువ అడిగినా సరిపోయేది. పసిడి అలా చేజారిందన్న బాధ తనకి ఉందని మల్లీశ్వరి తర్వాత దాచుకోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చెప్పుకుంది.

ఇక్కడో తమాషా సంగతి. 1995లో అమెరికాలో మెడ్‌వెక్, మేడీ, గిలోవిచ్ అనే ముగ్గురు సైకాలజిస్టులు ఓ పరిశోధన చేశారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు తీసుకుని, పతకం ఖాయమైన క్షణంలో క్రీడాకారుల ముఖాలు ఎలా ఉన్నాయో చూసి, పదికి మార్కులు వేయమని కొంతమందిని అడిగారు. రజతం వచ్చినవాళ్లకి సగటున 4.8. కాంస్యం వచ్చినవాళ్లకి 7.1! రెండోవాడికన్నా మూడోవాడే ఎక్కువ సంతోషంగా ఉన్నాడన్నమాట. ఎందుకంటే రెండోవాడి చూపు పైకి, అయ్యో బంగారం పోయిందే అని. మూడోవాడి చూపు కిందికి, హమ్మయ్య నాలుగో స్థానం తప్పిందని.

ఈ లెక్కలో మల్లీశ్వరి ఎక్కడ పడుతుంది? నాకైతే ఎక్కడా పట్టదనిపిస్తుంది. మెడలో కంచు ఉంది, మనసు మాత్రం రజతం వచ్చినవాళ్లది. చరిత్రలో మొదటి మహిళ అని దేశమంతా ఆమెని ఎత్తుకుని ఊరేగిస్తుంటే, ఆమె మాత్రం లోపల ఒక బార్ ముందు నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆనందంగా ఉన్నప్పుడు మన బాధ చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఓడిపోతే ఓదారుస్తారు. గెలిచి బాధపడితే? పొగరనుకుంటారు. "ఇంకా ఏటి కావాలమ్మా నీకు?" అంటారు.

ఇంకా కావాలి. అదే కదా ఆమె!

ఒకప్పుడు ఆ 137.5ని నేను కూడా అత్యాశే అనుకునేవాణ్ని. ఒళ్లు తెలియని లెక్క అని విసుక్కునేవాణ్ని కూడా. ఇప్పుడు అలా అనలేకపోతున్నాను. సన్నగా ఉన్నావు ఇంటికి పో అంటే వెళ్లిపోయే పిల్లయితే సిడ్నీ దాకా వచ్చేదా? ఒలింపిక్స్‌లో మీకు చోటే లేదంటే ఊరుకునే మనిషయితే అయిదేళ్లు ఇనుము పట్టుకుని కూర్చునేదా? ఊసవానిపేట నుంచి ఆ వేదిక దాకా తెచ్చిందీ ఆ ఆకలే, చివరి లిఫ్ట్‌లో మూడో మెట్టు మీద కాలు పెట్టించిందీ ఆ ఆకలే. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తిడతానంటే ఎలా? అలాగని లెక్క తప్పు కాదనీ అనను. 135 చాలు. చాలంటే చాలు. ఈ రెండు మాటలూ నా బుర్రలో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, ఒకదాన్నొకటి లేవమనడం లేదు.

తర్వాత కథ సినిమాలో అయితే ఎలా ఉండేది? గాయం, కన్నీళ్లు, పట్టుదల పాట, ఏథెన్స్‌లో బంగారం, టైటిల్స్. నిజంలో అలా జరగలేదు. 2001లో బాబు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడల్లో మళ్లీ దిగుదామనుకుంటే నాన్నగారు పోయారు, వెళ్లలేదు. 2004 ఏథెన్స్‌కి వెళ్లింది, నడుం గాయంతో పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆ తర్వాత ఆట వదిలేసింది. యమునానగర్‌లో పిల్లలకి లిఫ్టింగ్ నేర్పే అకాడమీ పెట్టింది. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయింది. నీ వల్ల కాదు ఇంటికి పొమ్మనిపించుకున్న అమ్మాయి, ఎవరి వల్ల అవుతుందో చూసే కుర్చీలో కూర్చుంది. ఇది మాత్రం సినిమా వాళ్లకి కూడా తట్టి ఉండదు.

అన్నట్టు, బరువులెత్తడం మన ఉత్తరాంధ్రకి ఆమెతో మొదలవలేదు, ఆమెతో ఆగనూ లేదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని మా తాత చెప్పని రోజు లేదు. ఇక విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు వెళ్తే కొండవెలగాడ అని ఓ ఊరుంది. అక్కడ ఇంటింటికీ ఓ లిఫ్టర్ అన్నట్టు ఉంటుంది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి చికా అమలహా డోపింగ్‌లో దొరికిపోయింది. అప్పుడామెకి పదహారేళ్లు. సంతోషి కాంస్యం రజతమైంది. పేపర్లో రెండు లైన్ల వార్త. వేదిక మీద నిలబడాల్సిన మెట్టు ఒకటి, నిలబడింది ఇంకొకటి. ఆ పదహారేళ్ల పిల్ల గురించి కూడా నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. ఆ వయసుకి ఎవరు ఎంత ఒత్తిడి పెడితే అక్కడిదాకా వెళ్లిందో.

సరే, గ్రౌండ్‌కి వద్దాం. ఆ కుర్రాడు అలాగే కూర్చున్నాడు, షూ పక్కన పెట్టుకుని. ఇదంతా అతనికి ఇంత వివరంగా చెప్పలేదనుకోండి, చెబితే లేచిపోయేవాడు. సిడ్నీ ముక్క వరకే చెప్పాను. మూడు మెట్లు, రెండున్నర కిలోలు.

"మరి ఆ 137.5 తర్వాతెప్పుడైనా ఎత్తిందా అన్నా?"

"ఒలింపిక్స్‌లో అయితే లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బాధుండదా?" అన్నాడు.

"ఉందనే చెప్పిందావిడ. ఇప్పటికీ."

ఈ మాట అతనికి ఎందుకో నచ్చింది. ముఖం కొద్దిగా తేలికపడింది. బహుశా ఇన్నాళ్లూ అందరూ బాధపడకు, పాజిటివ్‌గా ఉండు, నువ్వు చేయగలవు అనే చెబుతుంటారు. ఉంటే ఉండనీ అన్నవాళ్లు లేరేమో. ఇంటి దగ్గర నాన్న రోజూ ఫోన్ చేసి, ఎంతకొచ్చింది అని అడుగుతాడట. ఆ నాన్నకి 5:34కీ 5:30కీ తేడా ఏంటో తెలీదు. తెలియకుండానే అడుగుతాడు. "వచ్చేస్తాది నాన్నా అంటాను. మూడు వారాలబట్టీ అదే అంటన్నాను." రాత్రి ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కావడం లేదన్నాడు.

నేను ఫోన్ అడిగి అతని టైమింగ్‌లు చూశాను. 1,600 అంటే నాలుగు రౌండ్లు. 5:30 రావాలంటే రౌండుకి 82న్నర సెకన్లు. ఇతను మొదటి రౌండు 75కి కొట్టేస్తున్నాడు. రెండోది 83. మూడు, నాలుగు 88, 88. కాళ్లలో దమ్ము లేక కాదు. ముందే ఖర్చు పెట్టేస్తున్నాడు.

"మొదటి రౌండు అంత గట్టిగా ఎందుకు తమ్ముడూ?"

"కోపం అన్నా" అన్నాడు. తర్వాత వాడే నవ్వాడు.

నేను కోచ్‌ని కాదు. మొదటి రౌండు ఏడు సెకన్లు ఆపుకుంటే చివర్లో ఎంత మిగులుతుందో నాకు నిజంగా తెలీదు. ఆ ముక్కే చెప్పాను. ఎవరైనా తెలిసిన సార్‌కి ఈ నాలుగు అంకెలూ చూపించమన్నాను. తల ఊపాడు. షూ తొడుక్కున్నాడు, లేసులు బిగించాడు, ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు మళ్లీనా? కాళ్లు పట్టేస్తాయిరా బాబూ!"

"టైం కోసం కాదన్నా. ఊరికే. ఒక్క రౌండు."

పరిగెత్తాడు. అప్పటికి బాగా తెల్లారింది. స్టాప్‌వాచ్ నొక్కాలా వద్దా అని ఓ క్షణం చూశాను. నొక్కలేదు. వాడు అవతలి మలుపు తిరుగుతుండగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "నాన్న" అని ఉంది. ఎత్తితే ఏం చెప్పాలో తెలియక, ఫోన్ పైకెత్తి వాడికి చూపిస్తూ చెయ్యి ఊపాను. వాడూ చెయ్యి ఊపాడు. ఆగమనో, ఎత్తమనో తెలీలేదు.